టీవీలో ప్రళయం, మాలిక, కాలజ్ఞానం, మధ్యలో దేశం: మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఆంధ్రా బోర్డర్ దగ్గర, ఒడిశా బరంపురంలో నాది చిన్న డిష్ రీచార్జ్ షాపు. ఏదో ఒక ప్రళయం తేదీ దగ్గర పడ్డప్పుడల్లా కౌంటర్ దగ్గర ఇవే డౌట్లు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి చుట్టాలు కూడా ఫోన్ చేసి ఇవే అడుగుతారు, అందుకని ఒక్కచోట రాసి పెడుతున్నా. దేనికదే విడిగా చదువుకోవచ్చు.

## మొదటిసారి టీవీలో చూసినప్పుడు

ఈ భవిష్య మాలిక అంటే అసలు ఏంటండీ? నిజంగా అలాంటి పుస్తకం ఉందా?

ఉంది, కానీ ఒక్క పుస్తకం కాదు. 15, 16 శతాబ్దాల్లో ఒడిశాలో పంచసఖులని ఐదుగురు భక్తకవులు ఉండేవారు: బలరామ దాస్, జగన్నాథ దాస్, అచ్యుతానంద దాస్, యశోవంత దాస్, అనంత దాస్. వాళ్ళ పేర్ల మీద, ఎక్కువగా అచ్యుతానందుడి పేరు మీద, తాటాకుల్లో జరగబోయేవి చెప్పే పద్యాల మాలికలు బోలెడు తిరిగాయి. ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నవి, తర్వాత సంతల్లో అమ్మే పల్చటి అచ్చు పుస్తకాలయ్యాయి, ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ప్రతిలో ఉండాలని లేదు. భువనేశ్వర్ స్టేట్ మ్యూజియంలో అన్ని రకాలవీ కలిపి దాదాపు 40 వేల తాటాకు ప్రతులున్నాయి. టీవీలో స్వామీజీ "మాలికలో రాసుంది" అన్నప్పుడు ఏ ప్రతి, అది ఎక్కడుంది, ఎప్పుడు ఎత్తి రాసింది అని అడగాలి. ఆ మూడూ చెప్పిన ప్రోగ్రాం నేనైతే ఇంతవరకు చూళ్ళేదు.

బ్రహ్మంగారు చెప్పినవన్నీ జరిగాయి కదా, మరి టీవీ వాళ్ళు చెప్తే నమ్మడానికేంటి?

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దం ఆయన. బనగానపల్లెలో అచ్చమ్మగారింట్లో పశువులు కాస్తూ రవ్వలకొండ మీద కాలజ్ఞానం రాశారని, కందిమల్లాయపల్లెలో సజీవ సమాధి అయ్యారని చెప్తారు. ఆయన మీద నాకూ భక్తే. కానీ జరిగిపోయాక దొరికే పద్యం వేరు, జరక్కముందే వినపడే పద్యం వేరు. తెరమీద బొమ్మలు గద్దెనెక్కుతాయన్న మాటకి అందరూ చూపించే రుజువు ఎన్టీఆర్. ఆయన సీఎం అయ్యింది 1983 జనవరిలో, మనలో చాలామందికి కాలజ్ఞానం ఎక్కించిన ఆయన సినిమా వచ్చింది 1984లో. 2020లో కోరంకి జబ్బు పద్యం వాట్సాప్‌లో రానోడు లేడు, 2019లో అది ఎవరికైనా వచ్చిందా? నాకు తెలిసి ఒక్కరికీ రాలేదు.

మా ఇంట్లో మూడు ఛానళ్ళు, మూడు చోట్ల కల్కి పుడతాడంటున్నాయి. ఏది కరెక్టు?

ఈ ప్రశ్నంటే నాకు భలే ఇష్టం, ఎందుకంటే ఇది మన బోర్డర్ వాళ్ళకే వస్తుంది. మా వీధిలోనే ఒక ఇల్లు చెప్తా. మావగారు తెలుగు ఛానల్ పెడతారు, అందులో బ్రహ్మంగారే వీరభోగ వసంతరాయలుగా మళ్ళీ వస్తారు. కోడలు ఒడియా అమ్మాయి, మధ్యాహ్నం వంటయ్యాక ఆవిడ పెట్టే ఛానల్లో సముద్రం పూరీ గుడి ఇరవై రెండు మెట్ల దాకా వస్తుంది, జగన్నాథుడు ఛతియా బట గుడికి వెళ్ళిపోతాడు, కల్కి పుట్టేది జాజ్‌పూర్ వైపు. కొడుకు ఫోన్లో హిందీ ఛానల్, అక్కడ కల్కి ఊరు ఉత్తరప్రదేశ్‌లో సంభల్, 2024 ఫిబ్రవరి 19న ప్రధానమంత్రి అక్కడ కల్కి ధామ్‌కి శంకుస్థాపన కూడా చేశారు కాబట్టి వాడికి ఇంక డౌటే లేదు.

భాగవతం పన్నెండో స్కంధంలో ఉన్నది ఇంతే: శంభల గ్రామం, విష్ణుయశుడనే బ్రాహ్మడి ఇల్లు. జిల్లా లేదు, రాష్ట్రం లేదు, పిన్ కోడ్ అసలే లేదు. ఆ శంభలని హిందీ వాళ్ళు వాళ్ళ దగ్గర పెట్టుకున్నారు, ఒడియా వాళ్ళు వాళ్ళ దగ్గర, మనవాళ్ళు ఏకంగా అవతారం పేరే మార్చుకున్నారు. లోకం ఎక్కడ పోయినా కాపాడేవాడు మాత్రం మన భాషలో, మన జిల్లాలో పుట్టాలి! ఈ మూడూ ఒకే రిమోట్ మీద వస్తాయి గనక మనకి తేడా కనపడుతుంది, ఒకటే ఛానల్ చూసే ఊళ్ళో కనపడదు. నన్నడిగితే ప్రళయం ప్రోగ్రాం చెప్పేది లోకం ఎప్పుడు పోతుందో కాదు, "మనం" అంటే ఎవరో. అది పట్టుకుంటే మిగతా డౌట్లు సగం తీరిపోతాయి.

కలియుగం అయిపోయిందంట, నిజమా?

పురాణాల లెక్కలో కలియుగం 4,32,000 ఏళ్ళు. పంచాంగాల ప్రకారం మొదలైంది క్రీ.పూ. 3102లో. అంటే గడిచింది ఐదు వేల చిల్లర, ఇంకా నాలుగు లక్షల ఇరవై ఆరు వేల పైచిలుకు మిగిలుంది. ఆ లెక్కతో ప్రోగ్రాం నడవదు గనక, పాపాలెక్కువై ఆయుష్షు ఐదు వేలకి తగ్గిపోయిందని మాలిక పేరు మీద చెప్తారు.

బాబా వంగా, నోస్ట్రడామస్ కూడా మన దేశం గురించి చెప్పారంట కదా?

బాబా వంగా బల్గేరియా ఆవిడ, కళ్ళు కనపడవు, 1996లో పోయారు, తన చేత్తో ఏదీ రాసిపెట్టలేదు. నోస్ట్రడామస్ ఫ్రాన్స్ ఆయన, 1555 నుంచి నాలుగేసి పాదాల పద్యాలు అచ్చేశాడు, అవి పొడుపు కథల్లా ఉంటాయి. వాటిల్లో ఏ దేశం వాళ్ళు ఆ దేశం లీడర్ని వెతుక్కుంటారు, మనవాళ్ళూ అంతే.

ప్రళయానికి 89 సెకన్లే ఉందని సైంటిస్టులే చెప్పారని వచ్చింది, దానికేమంటారు?

అది డూమ్స్‌డే క్లాక్. 1947లో అమెరికాలో అణు శాస్త్రవేత్తల పత్రిక ఒకటి మొదలెట్టింది, అప్పుడు అర్ధరాత్రికి ఏడు నిమిషాలు. 2025 జనవరిలో 89 సెకన్లకి జరిపారు. గోడ గడియారం కాదది, బాంబులూ వాతావరణం విషయంలో ప్రభుత్వాల్ని భయపెట్టడానికి గీసిన బొమ్మ. టీవీలో మాత్రం మూల మీద సెకన్లు వెనక్కి తిరుగుతూ ఉంటాయి, యాడ్ రాగానే ఆగిపోతాయి.

## ఇంట్లో వాళ్ళు నమ్మడం మొదలెట్టాక

రోజూ ఇదే ఎందుకు వేస్తారు? వేరే వార్తల్లేవా?

చవక. రిపోర్టర్ని పంపక్కర్లేదు, కెమెరా వ్యాన్ అక్కర్లేదు, ఒక యాంకర్, ఒక స్వామీజీ, కంప్యూటర్లో చేసిన అలలు, సైరన్ మోత చాలు. రేటింగ్ చూసే మీటర్లు దేశం మొత్తం మీద అరవై వేలకి లోపు ఇళ్ళలోనే ఉంటాయి, ఆ ఇళ్ళల్లో రిమోట్ ఆగిపోతే చాలు. ఈసారి హెడ్డింగ్ గమనించండి, "ప్రళయం తప్పదా?" అని చివర ప్రశ్నార్థకం కచ్చితంగా ఉంటుంది. రేపు ఎవరైనా నిలదీస్తే మేం అడిగామంతే, చెప్పలేదు కదా అనొచ్చు. "మరికాసేపట్లో" అని కింద స్క్రోలింగ్ మొదలైతే ప్రోగ్రాం అయ్యేదాకా ఆ మరికాసేపు రాదు.

తుఫాను వార్తా, ప్రళయం వార్తా ఒక్కటేనా? మా అమ్మ రెండింటికీ ఒకేలా భయపడుతుంది.

ఇది సీరియస్ ప్రశ్న, కాస్త ఓపిగ్గా చదవండి. మనది తుఫాన్ల జిల్లా. 1999 అక్టోబర్ 17న ఒకటి గోపాల్‌పూర్ దగ్గర దాటింది, మన ఊరు అతలాకుతలమైపోయింది, అది మర్చిపోకముందే 29న సూపర్ సైక్లోన్ పరదీప్ వైపు కొట్టింది, దాదాపు పది వేల మంది పోయారు. అదే 2013 అక్టోబర్ 12న ఫైలిన్ సరిగ్గా గోపాల్‌పూర్ మీదకే వచ్చింది. ఒడిశాలో సుమారు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు, చావులు పదుల్లోనే ఆగాయి. రెండింటికీ తేడా తెచ్చింది టైముకి అందిన హెచ్చరికా, షెల్టర్లూ, మాట విని కదిలిన జనం.

వాతావరణ శాఖ హెచ్చరికకి ఒక పద్ధతుంటుంది. 72 గంటల ముందు సైక్లోన్ వాచ్, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుందో కూడా. చోటు చెప్తారు, గాలి వేగం చెప్తారు, మీరేం చెయ్యాలో చెప్తారు, రూటు మారితే మారిందని కూడా వాళ్ళే చెప్తారు. ప్రళయం ప్రోగ్రాంలో ఇవేవీ ఉండవు, భయపడటం తప్ప చెయ్యడానికి పనుండదు. మీ అమ్మగారికి ఈ ఒక్క గుర్తు చెప్పండి: ఏం చెయ్యాలో చెప్తే కదలాలి, చెప్పకపోతే ఛానల్ మార్చాలి.

నాకు కోపమొచ్చేది ఎక్కడంటే, రోజూ ప్రళయం చూసీ చూసీ అసలు తుఫాను వచ్చిన రోజు "ఆ, టీవీ వాళ్ళు అలాగే అంటారు" అని కూర్చునేవాళ్ళు తయారవుతున్నారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, కానీ గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరిగిపడి జనం పోయారు, సముద్రానికి అంత దూరంలో. అక్కడివాళ్ళని అడగండి, హెచ్చరిక విలువ చెప్తారు.

మా గుంటడు ప్లస్ టూ, లోకమే పోతుంటే పరీక్షలెందుకు అంటున్నాడు. ఏం చెయ్యాలి?

ముందు వాడికి నిజంగా భయమా, చదువు తప్పించుకునే ఎత్తా చూడండి. ఎత్తయితే మీకు తెలిసిన మందే. నిజంగా భయమైతే, రాత్రిళ్ళు నిద్ర లేకపోతే, తిట్టకండి. 2012 డిసెంబర్ 21కి మాయన్ క్యాలెండర్ అయిపోతుందని టీవీలన్నీ ఊగిపోయాయి, నాసా వాళ్ళే ఏమీ అవ్వదని చెప్పాల్సొచ్చింది, ఆ తేదీకి వాడు చిన్న పిల్లాడు, ఇప్పుడు మీ ముందు నిలబడి ఉన్నాడు. ఫోన్లో అలాంటి వీడియోల మీద "ఆసక్తి లేదు" నొక్కించండి, లేకపోతే ఒకటి చూస్తే పది వస్తాయి. వారం పది రోజులైనా నిద్ర లేకపోతే డాక్టర్ని కలవండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

అత్తగారితో వాదించొచ్చా?

వద్దు. పక్కన కూర్చుని ప్రోగ్రాం చూడండి. "అత్తయ్యా, పోయినేడు చెప్పిన తేదీ ఏదండీ?" అని మామూలుగా అడగండి, చాలు.

## దేశం మాట వచ్చినప్పుడు

లోకం పోవడానికీ దేశభక్తికీ సంబంధం ఏంటి? ప్రతి ప్రోగ్రాంలో మ్యాప్ ఎందుకు చూపిస్తారు?

గ్రాఫిక్స్ ఒకసారి దగ్గరగా చూడండి. భూగోళమంతా ఎర్రగా మండుతుంది, ఒక్క భారతదేశం మాత్రం కాషాయం రంగులో మెరుస్తూ ఉంటుంది, మండే మంట మన బోర్డర్ గీత దాకా వచ్చి ఆగుతుంది. నిప్పుకి పాస్‌పోర్ట్ ఉందన్నమాట! లోకం పోతుంది, మనం ఉంటాం, అసలు మాట ఇదే, మిగతాదంతా దాని చుట్టూ అల్లిక.

ఇది మనవాళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో పాట్ రాబర్ట్‌సన్ అనే టీవీ పాస్టర్ 1982 అయ్యేలోపు లోకానికి తీర్పు వచ్చేస్తుందని 1980లో తన ప్రోగ్రాంలో గ్యారంటీ ఇచ్చాడు. రాలేదు. 1988లో ఆయనే ప్రెసిడెంట్ టికెట్ కోసం పోటీ చేశాడు. అప్పట్లో అక్కడి ప్రవచనాల్లో ఉత్తరం నుంచి వచ్చే శత్రువంటే సోవియట్ రష్యా. 1991లో సోవియట్ విడిపోయాక శత్రువు పేరు మార్చారు, లేఖనం మాత్రం అదే. పాకిస్తాన్ టీవీల్లో కూడా ఇదే ప్రోగ్రాం వస్తుంది, అక్కడ గెలిచేది వాళ్ళు, ఓడేది మనం. ఏ దేశం టీవీ పెట్టినా, ఆ దేశం పేపర్లో శత్రువెవరో ప్రవచనంలోనూ వాడే ఉంటాడు.

భారత్ విశ్వగురువు అవుతుందని మాలికలో రాసుందట, మంచి మాటే కదా, తప్పేంటి?

దేశం బాగుపడాలని కోరుకోవడం తప్పెవరన్నారు. నా ఇబ్బంది వేరే. బడి, ఆసుపత్రి, రోడ్డు లేకుండా, మనం ఏమీ చెయ్యకుండా, పక్క దేశాలు మునిగిపోవడం వల్ల మనం గొప్పవాళ్ళమవుతామట. రాజ్యాంగంలో 51ఏ అధికరణం పౌరుల బాధ్యతలు చెప్తుంది, 1976లో చేర్చింది, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం కూడా అందులో ఒకటి. దేశభక్తి కావాలంటే అది కూడా దేశం రాసిన కాయితమే.

మాలికలో మనం, తెలుగోళ్ళం, ఉన్నామా? ఒడియా ఛానల్ చూస్తే మనం బయటోళ్ళం అన్నట్టుంది.

పంచసఖుల కాలం ప్రతాపరుద్ర గజపతి కాలం, 1497 నుంచి 1540. అప్పటి గజపతుల రాజ్యంలో ఒడియా వాళ్ళూ ఉన్నారు, తెలుగు వాళ్ళూ ఉన్నారు, కృష్ణదేవరాయలు సింహాచలం దాకా వచ్చి శాసనం వేయించి వెళ్ళింది ఆ రాజుతో యుద్ధంలోనే. ఒడిశా రాష్ట్రం అనే గీత పడింది 1936 ఏప్రిల్ 1న. పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసి ఊరు ఇటు, కొంత భాగం అటు మద్రాసు వైపు వదిలేశారు, మా తాతల్లో అన్నదమ్ములు ఒకరు ఇటు ఒకరు అటు అయిపోయారు. అంటే టీవీ మ్యాప్‌లో చూపించే రాష్ట్రం ఆ తాటాకులు రాసినప్పుడు లేనే లేదు.

ఇంకోటి చూడండి. మన బరంపురం బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది కదా, ఆ పుట్టిల్లు దేశీ బెహెరా ఇల్లు, వాళ్ళు తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్ళు. పూరీ రథయాత్రలో రథం ఆగేది సాలబేగ సమాధి దగ్గర, ఆయన ముస్లిం తండ్రికి పుట్టిన భక్తుడు. బ్రహ్మంగారి ముఖ్య శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. ఆ రోజుల్లో "మనం" అన్న మాట అంత వెడల్పు. నలభై నిమిషాల ప్రోగ్రాంలో ఇవి చెప్పడానికి టైముండదు కాబోలు.

కల్కి వచ్చి చంపేది ఎవర్ని? మా పక్కింటి వాళ్ళ పేరు చెప్తున్నారు.

పురాణాల్లో ఉన్న పేర్లు శకులు, యవనులు, హూణులు లాంటివి. ఆ పేర్లతో ఇవాళ మన వీధిలో ఎవరూ లేరు. ఖాళీ అయిన ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెడుతున్నారో చూస్తే ప్రోగ్రాం ఎందుకు చేశారో తెలుస్తుంది. మీ పక్కింటాయన ఫైలిన్ రాత్రి మీతోపాటే స్కూల్లో పడుకున్నాడు కదా, అది గుర్తుపెట్టుకోండి. ఎవరైనా ఒక కుటుంబం మీద వేలు చూపించి చేతబడి, దుష్టశక్తి అని రెచ్చగొడితే మాత్రం ఊరుకోవద్దు, ఒడిశాలో 2013 నుంచి చట్టం ఉంది, 112కి ఫోన్ చెయ్యండి.

మేం క్రిస్టియన్లం, గజపతి జిల్లా. మా టీవీలో యేసు రెండో రాకడ, ఇజ్రాయెల్ అంటారు. అదీ ఇదేనా?

మీ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం మూడో వంతుకి పైనే క్రైస్తవులు, కాబట్టి ఈ ప్రశ్న తరచుగానే వస్తుంది. రాకడ మీద విశ్వాసం మీది, దాని జోలికి నేను రాను. తేదీ చెప్పేవాళ్ళ దగ్గర జాగ్రత్త. ఆ దినమూ ఘడియా ఎవరికీ తెలీదని మత్తయి సువార్త 24వ అధ్యాయంలోనే ఉంది. ఆధార్ నంబరే బైబిల్లో చెప్పిన మృగం ముద్ర 666 అని, టీకాలో చిప్ ఉందని చెప్పి రేషన్, టీకా మానిపించేవాళ్ళు మీకు నష్టం చేస్తున్నారు. ఇజ్రాయెల్ యుద్ధం వార్త కూడా వార్తలాగే చూడండి.

నమ్మనంటే దేశద్రోహి అన్నారు ఫ్యామిలీ గ్రూపులో. ఏం జవాబివ్వాలి?

గ్రూపులో ఇవ్వకండి. అన్నవాళ్ళకి విడిగా ఫోన్ చేసి పిల్లల చదువుల గురించి మాట్లాడండి.

## తేదీ దాటిపోయాక

ఏమీ జరగలేదు, అయినా మా మావయ్య ఇంకా గట్టిగా నమ్ముతున్నాడు. ఎందుకలా?

ఇది పాత జబ్బే. అమెరికాలో విలియం మిల్లర్ మాట నమ్మి 1844 అక్టోబర్ 22న వేలమంది క్రీస్తు కోసం ఎదురుచూశారు. రాలేదు. కొందరు మానేశారు, కొందరు తేదీ కరెక్టే, జరిగింది పరలోకంలో అన్నారు, సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఆ గుంపులోంచే వచ్చారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో ఆయన 2011 మే 21 అన్నాడు, తప్పాక అక్టోబర్ 21 అన్నాడు, అదీ తప్పాక మరుసటి ఏడు తప్పు ఒప్పుకున్నాడు, అంతమాత్రం ఒప్పుకున్న టీవీ స్వామీజీ మన దగ్గర నాకు తగల్లేదు. మనకైతే 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి, దేశమంతా హోమాలు. ఏమీ కాలేదు. అక్టోబర్‌లో చైనా యుద్ధం వచ్చాక మా తాతయ్య వయసు వాళ్ళు అదే అష్టగ్రహ ఫలం అనేవాళ్ళు, లోకం పోవాల్సిన చోట బోర్డర్ పోయిందని సర్దుకున్నారు. మావయ్యగారు బయట నలుగురికీ చెప్పేసి ఉంటారు, ఇప్పుడు కాదంటే పరువు. ఆయనకి పరువు పోకుండా బయటికొచ్చే దారి వదలండి, ఎగతాళి చేస్తే ఇంకా బిగుసుకుంటారు.

ఛానల్ మీద కంప్లయింట్ ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. 1994 కేబుల్ టీవీ రూల్స్‌లో ఆరో రూల్ ప్రోగ్రాం కోడ్, మూఢనమ్మకాల్ని ప్రోత్సహించే ప్రోగ్రాం వెయ్యకూడదని అందులో స్పష్టంగా ఉంది. 2021 సవరణ ప్రకారం ముందు ఛానల్‌కే రాయాలి, 15 రోజుల్లో వాళ్ళు తేల్చాలి, తేల్చకపోతే ఛానళ్ళ స్వీయ నియంత్రణ సంస్థకి, ఆ పైన కేంద్రానికి. తేదీ, టైము, ఛానల్ పేరు, ఏం మాటన్నారో రాసి పెట్టుకోండి, వీలైతే స్క్రీన్ ఫోన్లో తీసుకోండి. యూట్యూబ్ వీడియోకి ఈ కేబుల్ రూల్ పనిచెయ్యదు, అక్కడ ముందు రిపోర్ట్ కొట్టండి. మా షాపుకొచ్చి ఆ ఛానల్ తీసేయమంటే అదీ చేస్తాను, విడిగా డబ్బులు కట్టి పెట్టుకున్న ఛానలైతే నెల బిల్లు కూడా తగ్గుతుంది.

ప్రళయం నుంచి కాపాడే కవచం అని ఫోన్‌పేలో డబ్బులు కట్టాం. వెనక్కొస్తాయా?

కట్టింది ఇవాళో నిన్నో అయితే ఇది చదవడం ఆపి 1930కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ మోసాల నంబర్, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత. లావాదేవీ నంబరు, కట్టిన టైము దగ్గర పెట్టుకోండి. బ్యాంకుకి కూడా చెప్పండి. వస్తువు వచ్చింది, టీవీలో చెప్పినట్టు లేదు అనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో కూడా మాట్లాడతారు. యాడ్ వచ్చిన ఛానల్ పేరు, బిల్లు, పార్సిల్ కవరు పారెయ్యకండి. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి డబ్బు తిరిగివ్వడానికి ఓటీపీ చెప్పమంటే మాత్రం చచ్చినా చెప్పకండి.